మూడో ఆదివారపు అభ్యంతరం

కాజీపేట,
6 డిసెంబర్ 2024

నిర్మలకు మామ దీవెనలు.

ఈ కాలంలో ఉత్తరమేమిటని నవ్వకు. మా ఇంట్లో ఫోను ఉంది గానీ అది మీ అత్తమ్మది. సారమ్మ స్పీకర్ పెట్టకుండా మాట్లాడదు, విన్నదాన్ని చర్చి స్త్రీల మైత్రి వాట్సాప్ గ్రూపులో ప్రార్థన అంశంగా పెట్టకుండా ఉండదు. పోయిన నెల నాకు రెండు రోజులు మలబద్ధకం చేస్తే హనుమకొండ నుంచి ఇద్దరు, మడికొండ నుంచి ఒకరు ఫోన్ చేసి విడుదల కలిగిందా అని అడిగారు.

అందుకని ఉత్తరం. నువ్వు కూడా ఇంటికి రాయకు. పోస్టాఫీసులో కొమురెల్లికి చెప్పిపెట్టాను. నా పేరున వచ్చినవి పక్కన పెడతాడు, సోమవారం సోమవారం పోయి తెచ్చుకుంటాను.

సంగతి ఇది. నా ఒంటిమీది గడ్డలు నీకు తెలుసు. చిన్నప్పుడు నువ్వూ మా పిల్ల ప్రసన్నా నా వీపు మీద వాటిని లెక్కపెట్టి, లెక్క కుదరక కొట్టుకునేవారు. మీ తాతకూ ఉండేవి, మీ అమ్మకు రాలేదు, నాకు వచ్చాయి. ముప్పై నాలుగేళ్లు టీఎక్స్ఆర్‌గా రైలుపెట్టెల కింద దూరి చక్రాలు, బ్రేకులు చూశాను. ఏ గడ్డా నన్ను ఏమీ అనలేదు. ఇప్పుడు కుడి తొడ వెనక ఉన్నది మాత్రం వానాకాలం నుంచి పెరుగుతోంది. ఉసిరికాయంత ఉండేది బత్తాయంత అయింది. కూర్చుంటే పాదం దాకా కరెంటు కొడుతోంది. మీ అత్తమ్మకు చర్చి బెంచీ గట్టిగా ఉందని చెప్పాను. ఆమె కుట్టిచ్చిన దిండు వేసుకుని కూర్చుంటున్నాను.

డాక్టరు ముక్క తీసి పరీక్షకు పంపాలంటున్నాడు. నువ్వు పనిచేసే ల్యాబులో ఇలాంటివే చూస్తారు కదా, ఏం చేయమంటావు?

ప్రసన్న పెళ్లి ఫిబ్రవరి 27న ఖాయమైంది. అబ్బాయి పేరు కిరణ్, తొర్రూరు వాళ్లు, మడికొండలో కంప్యూటర్ ఉద్యోగం. మార్చి అయిదున ఈస్టరు ముందటి ఉపవాసకాలం లెంటు మొదలవుతుంది, ఆ నలభై రోజులూ మా అయ్యగారు పెళ్లి చేయరు. కాబట్టి ఆ తేదీ కదలదు. నేనూ కదలను.

మామ,
సుందర్ రావు

*

బెంగళూరు,
13 డిసెంబర్ 2024

సుందర్ మామకు,

నీ ఉత్తరం చదివి నవ్వాను. గడ్డ దగ్గరికి వచ్చాక నవ్వలేదు.

ఏళ్ల తరబడి ఊరికే ఉన్న గడ్డ ఉన్నట్టుండి పెరిగి నొప్పి పెడితే దాన్ని వదిలేయకూడదు. ముక్క తీయించుకో. మా ల్యాబులో అడిగి ఒక చిన్న సీసా పంపిస్తున్నాను, మీ డాక్టరుకివ్వు. అందులో గులాబీ రంగు నీళ్లుంటాయి. పెద్ద పరీక్షకు పోయే ముక్కను మందులో వేస్తారు, దాంతో అది చచ్చిపోతుంది. మాకు పంపేది మాత్రం బతికే రావాలి. కణాలు రెండుగా విడిపోయే సమయంలోనే క్రోమోజోములు కనపడతాయి. చచ్చినవి విడిపోవు. మంచుగడ్డల్లో పెట్టొద్దు, సంచిలో వేసుకుని ఎండలో తిరగొద్దు. రక్తం కూడా ఒక గొట్టంలో తీయించి పంపు.

నా ఉద్యోగం ఏమిటని అడిగితే అమ్మ ఇప్పటికీ రక్తపరీక్షల పిల్ల అని చెబుతుంది. నేను చేసేది జతలు కలపడం. మనిషి కణంలో నలభై ఆరు క్రోమోజోములుంటాయి, ఇరవై మూడు జతలు. సూక్ష్మదర్శినిలో అవి చిందరవందరగా పడి ఉంటాయి. ఫొటో తీసి, పెద్దదాని నుంచి చిన్నదాని వరకు వరుసలో పేరుస్తాను. పెళ్లిళ్ల పేరయ్య పనే, కట్నకానుకలు ఉండవు.

అత్తమ్మకు చెప్పు మామా. దిండుతో పోయే సంగతి కాదు.

ప్రసన్నకు శుభాకాంక్షలు చెప్పు. ఉత్తరం సంగతి మాత్రం చెప్పకు.

నిర్మల

*

కాజీపేట,
30 డిసెంబర్ 2024

నిర్మలకు,

క్రిస్మస్ బాగా జరిగింది. ముక్క క్రిస్మస్‌కు ముందే తీశారు. సీసాను నేనే చేత్తో పట్టుకుపోయి కొరియర్ వాడికిచ్చాను. ఇందులో ఏముందని అడిగితే నా ముక్కేనన్నాను. అతను సీసాను కాస్త దూరంగా పట్టుకుని బిల్లు రాశాడు.

తొడ మీది పట్టీ మీ అత్తమ్మ చూడనే చూసింది. సెగగడ్డ కోయించానని చెప్పాను. పేరు బయటపెట్టనని ఒట్టేసి, గ్రూపులో "ఒక రిటైర్డ్ రైల్వే సహోదరుని కుడి తొడ కొరకు" అని పెట్టింది. మా సంఘంలో రిటైర్డ్ రైల్వే సహోదరులు నలుగురున్నారు. ఆ ఆదివారం మిగతా ముగ్గురి తొడలనూ జనం చూశారు.

పెద్ద పరీక్ష ఫలితం వచ్చింది. నరానికి పైనుండే తొడుగులో పుట్టిన క్యాన్సరట. ఇంగ్లీషు పేరు స్టేషను బోర్డు మీద కూడా పట్టదు. త్వరగా తీసేయాలన్నాడు డాక్టరు. హైదరాబాదులో పెద్ద ఆపరేషన్. గడ్డతో పాటు ఆ నరం కూడా పోతుంది, ఇక కుడి పాదం పైకి లేవదన్నాడు. ఈడ్చుకుంటూ నడవాలి.

నేను మార్చి మూడుకు రాయించుకున్నాను. గుడి తలుపు దగ్గర్నుంచి బలిపీఠం దాకా ప్రసన్నను నేను నడిపించుకుపోవాలి. ముప్పై రెండు అడుగులు, కొలిచి చూశాను. ఆ ముప్పై రెండూ నా కాళ్ల మీద నడిచాక డాక్టరు ఏం కోసుకున్నా నాకు అభ్యంతరం లేదు.

మీ ల్యాబు ఫలితం ఎప్పుడొస్తుంది? దాచకుండా రాయి. నేను బండ్లకు రోగం చెప్పినవాణ్ని, నాకు చెప్పడానికి భయపడకు.

మామ

*

బెంగళూరు,
23 జనవరి 2025

మామా,

ముందుగా ఒక మాట. మార్చి మూడు ఆలస్యం. ఈ వాక్యం రెండుసార్లు చదువు.

ల్యాబుకు వచ్చే సీసాల మీద నంబర్లే ఉంటాయి గానీ నీ నంబరు నాకు తెలుసు. అందుకని మా మేడం ఆ పని నాకివ్వలేదు, పక్క బల్ల అమ్మాయికిచ్చింది. నేను పక్క బల్ల దగ్గరే కూర్చున్నాను. ఆమె ఒక్కో కణాన్నీ లెక్కపెడుతుంటే నేనూ లోలోపల లెక్కపెట్టాను. మొదటి దాంట్లో డెబ్బై ఒకటి. రెండో దాంట్లో అరవై ఎనిమిది. ఇరవై కణాలు చూస్తే ఒక్కటీ ఇంకోదానిలా లేదు. ఆ మధ్యాహ్నం నేను అన్నం తినలేదు.

ఫొటో ఒకటి ఇందులో పెడుతున్నాను. నీ భాషలో చెప్పాలంటే, మీరు రేకు అనే ఆ రైలుపెట్టెల వరుసలో పెట్టెలు కలిసిపోయాయి. ఎనిమిదో నంబరువి రెండుండాల్సిన చోట నాలుగున్నాయి. తొమ్మిదో దాని కొస తెగిపోయింది. పెరుగుదలను ఆపే బ్రేకు ఒకటి ఆ కొసలోనే ఉంటుంది. పదిహేడులో ఒకటి సగమే ఉంది. అన్నిటికంటే కింది వరుసలో ఉన్నవి ఏ బండివో తెలియని ముక్కలు.

అన్నిటికీ మూలం పదిహేడులోనే. మా తాత కాలం నుంచి వస్తున్న ఒక చిన్న లోపం దాని మీద ఉంది, నువ్వు దానితోనే పుట్టావు. ఒంటిమీది గడ్డలన్నీ దాని పుణ్యమే. ఆ తర్వాత ఇదంతా జరిగింది.

ప్రసన్న కూడా వీలైనప్పుడు ఒకసారి రక్తపరీక్ష చేయించుకుంటే మంచిదని నువ్వు అనుకోవచ్చు. తొందరేమీ లేదు. నీ ఆపరేషన్‌కే తొందర.

నిర్మల

*

కాజీపేట,
3 ఫిబ్రవరి 2025

నిర్మలకు,

నీ ఫొటోను వారం రోజులుగా చూస్తున్నాను. సారమ్మ లేనప్పుడు తీసి, ఆమె రాగానే రైల్వే పెన్షన్ పుస్తకంలో పెడుతున్నాను.

ఇలాంటి రేకు నా ముందుకు వస్తే జెండా ఊపేవాణ్ని కాదు. పెట్టె కింద పగులు కనపడితే దానికి సిక్ అని లేబుల్ కట్టి, రేకు నుంచి విడదీసి సిక్ లైనుకు పంపేవాణ్ని. బాగయ్యాకే ఫిట్ అని సంతకం. ఒకసారి మంత్రిగారు ఎక్కబోయే పెట్టెకు కట్టాను. నన్ను మూడు నెలలు డోర్నకల్‌లో పెట్టారు గానీ పగులు పగులేనని తర్వాత ఒప్పుకున్నారు.

ఇప్పుడు నా రేకే ఇలా ఉంది. దీంట్లో సగం ప్రసన్నకు పోయింది కదా? తండ్రి నుంచి సగం, తల్లి నుంచి సగం అని ఎనిమిదో తరగతి పుస్తకంలో కూడా ఉంది. పరీక్ష గురించి నువ్వు ఎంత సున్నితంగా రాశావో, దాన్నిబట్టే నాకు అర్థమైంది.

నిన్న గుడిలో మొదటి ప్రకటన చదివారు. మా పద్ధతి నీకు తెలుసు, పెళ్లికి ముందు మూడు ఆదివారాలు చదువుతారు. "సుందర్ రావు, సారమ్మల కుమార్తె ప్రసన్నకును, రాజమల్లు గారి కుమారుడు కిరణ్‌కును వివాహము జరుగనున్నది. అభ్యంతరము తెలిసినవారు ఇప్పుడే చెప్పవలెను." అయ్యగారు ఆ చివరి మాట పైకి చూడకుండా చదివి పాట నంబరు చెబుతారు. నేను తల దించుకుని కూర్చున్నాను. దిండు మీద.

సగం పోయిందా లేదా, ఒక్క మాట రాయి. ఇంకా రెండు ఆదివారాలున్నాయి.

మామ

*

బెంగళూరు,
8 ఫిబ్రవరి 2025

మామా,

పోలేదు.

తప్పు నాదే, సరిగ్గా రాయలేదు. ఆ ఫొటో నీది కాదు. అది నీ తొడలోని గడ్డది. ఆ పెట్టెలు కలిసిపోవడం, కొస తెగడం, అన్నీ ఆ గడ్డలోనే జరిగాయి, పోయిన ఏడాదో అంతకుముందు ఏడాదో. ప్రసన్న పుట్టి ఇరవై ఆరేళ్లయింది. ఇప్పుడు చెడినది అప్పుడెలా పోతుంది?

నీ రక్తం కూడా పంపావు కదా. దాని ఫొటో ఇందులో పెడుతున్నాను. ఇది నువ్వు. నలభై ఆరు, ఇరవై మూడు జతలు, ఒక్కటీ వరుస తప్పలేదు. నీలాగే ఉంది, తల దువ్వుకుని నిలబడినట్టు.

పుట్టుకతో వచ్చిన ఆ చిన్న లోపం ఈ ఫొటోలో కనపడదు. నట్టు వదులైతే రేకు ఫొటోలో కనపడుతుందా? అది మాత్రం పిల్లలకు రావచ్చు, రాకపోవచ్చు, సగం సగం. ఆ గడ్డలతోనే నువ్వు అరవై మూడేళ్లు బతికావు, ముప్పై నాలుగేళ్లు నౌకరీ చేశావు. పెళ్లి ఆపవలసిన సంగతి కాదు.

ఆపరేషన్ తేదీ మార్చుకున్నావా? నువ్వు ఆ మాటే ఎత్తలేదు.

స్పీడ్ పోస్టులో వేస్తున్నాను, బుధవారానికి చేరుతుంది.

నిర్మల

*

కాజీపేట,
17 ఫిబ్రవరి 2025, ఉదయం

నిర్మలకు,

పోయిన సోమవారం పోస్టాఫీసుకు పోతే నీ ఉత్తరం లేదు. నీకు రాయడానికి చేతులు రాలేదనుకున్నాను. పరవాలేదు, నిన్ను తప్పుపట్టడం లేదు. నిన్నటి సంగతి నీకు ఎవరో చెప్పేలోగా నేనే రాస్తున్నాను.

నిన్న మూడో ప్రకటన. తొర్రూరు నుంచి రాజమల్లు గారు, వాళ్ల ఇంటావిడ, కిరణ్ వచ్చి ముందు వరుసలో కూర్చున్నారు, ఆరాధన అయ్యాక మా ఇంట్లో భోజనం. అభ్యంతరము తెలిసినవారు అని అయ్యగారు చదివి, ఎప్పటిలాగే పాట నంబరు చెప్పబోయారు. నేను లేచి నిలబడ్డాను.

"అయ్యగారూ, అభ్యంతరం ఉన్నది," అన్నాను.

ఎవరికి అని అడిగారు అయ్యగారు.

"నాకే. పిల్ల తండ్రికి. నా తొడల ఉన్న గడ్డ క్యాన్సరట. నా ఒంట్ల క్రోమోజోములు జత తప్పినయ్, ఫొటో ఉన్నది. అండ్ల సగం పిల్లకు పోయినయ్. తెలిసి తెలిసి ఫిట్ అని సంతకం పెట్టలేను. రాజమల్లు బావగారూ, మీరు జర చూస్కోండ్రి."

అయ్యగారు ఇరవై రెండేళ్లుగా ఆ మాట చదువుతున్నారట, ఎవరూ లేవలేదట. లేస్తే ఏం చేయాలో పుస్తకంలో ఏ పేజీలో ఉందో ఆయనకు దొరకలేదు. పేజీలు తిప్పుతూ చాలాసేపు నిలబడ్డారు. సారమ్మకు గడ్డ సంగతి, క్యాన్సర్ సంగతి, పెళ్లి ఆగే సంగతి ఒకేసారి తెలిశాయి. ఆమె దిండు వైపు చూసింది. ప్రసన్న పాటల బృందంలో నిలబడి ఉంది, పుస్తకం మూసి బయటికి వెళ్లిపోయింది. రాజమల్లు గారు భోంచేయకుండా తొర్రూరు బస్సెక్కారు. బగారన్నం, కోడికూర చుట్టుపక్కల మూడిళ్లకు పంచాము.

ఇంట్లో ఎవరూ నాతో మాట్లాడటం లేదు. నేను చేసింది సరైనదే అనుకుంటున్నాను. ఇక పోస్టు వేయడానికి పోతాను.

అదే రోజు, మధ్యాహ్నం

కొమురెల్లి నీ ఉత్తరం చేతికిచ్చాడు. మొన్న బుధవారమే వచ్చిందట. ఇంటికి తెచ్చియ్యొద్దని మీరే అంటిరి కదా సార్ అన్నాడు.

అక్కడి బల్ల మీదే కూర్చుని చదివాను. జేబులో ఉన్న మొదటి ఫొటో తీసి, రెండూ పక్కపక్కన పెట్టి చూశాను. నిర్మలా, ముప్పై నాలుగేళ్లలో ఒక్కసారి కూడా మంచి పెట్టెకు సిక్ లేబుల్ కట్టలేదు. నిన్న నా బిడ్డకు కట్టాను, నూట యాభై మంది ముందు.

ఇంటికి ఎలా పోవాలో తెలియడం లేదు.

మామ

*

బెంగళూరు,
19 ఫిబ్రవరి 2025

మామా,

నీ ఉత్తరం రాకముందే ప్రసన్న ఫోన్ చేసింది. నువ్వు దాచినవి నీకు తెలుసు. మేము దాచినవి చెబుతాను.

ప్రసన్న వీపు మీద కాఫీ రంగు మచ్చలున్నాయి. అవి ఏమిటో ఆమెకు పద్నాలుగో ఏటే అనుమానం వచ్చింది. రెండేళ్ల క్రితం నా దగ్గరికి వచ్చి రక్తపరీక్ష చేయించుకుంది. నీ పదిహేడులో ఉన్న ఆ చిన్న లోపం ఆమెకూ ఉంది. నీకు చెబితే నువ్వు తప్పు చేసినవాడిలా మొహం పెట్టుకుంటావని చెప్పొద్దంది. అందుకే జనవరిలో నీకు రాసేటప్పుడు ఏమీ తెలియనట్టు రాశాను. ఆ వాక్యం సున్నితత్వం కాదు, అబద్ధం.

కిరణ్‌కు ఆమె ఆగస్టులోనే చెప్పింది. పుట్టబోయే పిల్లలకూ రావచ్చునని కూడా చెప్పింది. అతను రెండు రోజులు ఆలోచించి ఏమన్నాడంటే, "మా ఇంట్ల అందరికి షుగరున్నది, మా నాయినకు కోపమున్నది. అవి నేను నీకు రాసిచ్చిన్నా?" తండ్రికి కూడా చెప్పాడట. రాజమల్లు గారికి కోపం క్రోమోజోముల మీద కాదు. తనకు చెప్పకుండా గుడికి చెప్పావని.

ఫోన్ చేయాల్సింది మామా. నీ నియమం నీకు ఎంత ముఖ్యమో అని ఉత్తరం వేశాను. నేనూ మూర్ఖురాలినే. ఈసారి సోమవారం దాకా ఆగకుండా ఇంటికే తెచ్చివ్వమని కవరు మీదే కొమురెల్లికి రాశాను.

ఇప్పుడు ప్రసన్న మాట. నువ్వు అభ్యంతరాన్ని రాతపూర్వకంగా వాపసు తీసుకుంటేనే అయ్యగారు పెళ్లి చేస్తారట. నువ్వు ఇవాళే రాసిస్తావని నాకు తెలుసు. ఆమె మాత్రం వద్దంటోంది. ఆమె అన్నది అన్నట్టే రాస్తున్నాను.

"సిక్ బండి ఇంకో బండికి ఫిట్ ఇస్తదా వదినా? ముందుగాల డాడీని సిక్ లైనుకు పోయి రమ్మను. అప్పటిదాంక ఆ సంతకం నాకొద్దు, పెండ్లి గూడ వద్దు. రేపు నాకు గిట్ల గడ్డ లేస్తే నేను గూడ దాసిపెట్టుకోవాల్నా? గదే నేర్పుతాండా నాకు?"

ఆ తర్వాత ఏడ్చింది. నేనూ ఏడ్చాను. పక్క బల్ల అమ్మాయి నీళ్లు తెచ్చింది.

ముప్పై రెండు అడుగులు ఈడ్చుకుంటూ నడిచినా ముప్పై రెండే.

నిర్మల

*

కాజీపేట,
19 మే 2025

నిర్మలకు మామ దీవెనలు.

ఫిబ్రవరి 24న ఆపరేషన్ అయింది, నువ్వు వచ్చి చూసిందే. ఆ తర్వాత ముప్పై రోజులు రేడియేషన్ కరెంటు పెట్టారు. గడ్డ అంచుల దాకా శుభ్రంగా వచ్చిందన్నారు. ఛాతీ స్కానులో ఇప్పటికైతే ఏమీ లేదు. ఇప్పటికైతే అన్న మాట డాక్టరు రెండుసార్లు అన్నాడు. పాదానికి ప్లాస్టిక్ పట్టీ ఇచ్చారు. దానికి సరిపడే షూ ఒక కాలికి తొమ్మిది, ఇంకో కాలికి పది. షాపువాడు రెండు జతలు కొనమన్నాడు.

తొర్రూరు పోయి రాజమల్లు గారిని కలిశాను. ఆయన అరగంట తిట్టి, అన్నం పెట్టించారు. వాళ్లింట్లో కోపం ఉన్న మాట నిజమే.

పెళ్లి ఈస్టరు దాటాక మే 15కు పడింది. అభ్యంతరాన్ని వాపసు తీసుకుంటూ రాసిచ్చాను. "పైన చెప్పిన లోపము పిల్లది కాదు, నా తొడది. తొడను కోయించితిని. పిల్లను పరీక్షించుటకు నాకు అధికారము లేదు" అని రాశాను. అయ్యగారు దాన్ని రిజిస్టరులో అంటించారు. కొత్తగా మూడు ఆదివారాలు ప్రకటన చదివారు. మూడో ఆదివారం అభ్యంతరము అనగానే గుడి మొత్తం వెనక్కి తిరిగి నన్ను చూసింది. సరిగ్గా అప్పుడే కాలు తిమ్మిరెక్కి నేను లేవవలసి వచ్చింది. అయ్యగారు కళ్లు మూసుకున్నారు. "ఏం లేదు, కాలు," అని చెప్పి కూర్చున్నాను. ఆ రోజు పాట చాలా గట్టిగా పాడారు.

ముప్పై రెండు అడుగులు నడిచాను. అయిదో అడుగు దగ్గర పాదం తివాచీలో తట్టుకుంది. ప్రసన్న నా చెయ్యి తన చంక కింద గట్టిగా పట్టుకుంది. చూసేవాళ్లకు నేను ఆమెను తీసుకుపోతున్నట్టే ఉంది, ఆమే నన్ను తీసుకుపోయింది. నాకు సిగ్గు అనిపించలేదు. అంత సంతోషం నా బతుకులో ఎరగను.

నా మంచి ఫొటోను మీ అత్తమ్మ బైబిల్లో పెట్టుకుంది. రెండోది పెన్షన్ పుస్తకంలోనే ఉంచాను. ఇకనుంచి ఉత్తరాలు ఇంటికే రాయి. సోమవారాలు రావడం లేదేమని కొమురెల్లి అడుగుతున్నాడు.

నిన్న సారమ్మ ఫోను తీసుకుని స్త్రీల మైత్రి గ్రూపులో నేనే అంశం పెట్టాను. "సుందర్ రావు, రిటైర్డ్ టీఎక్స్ఆర్, కాజీపేట. ఛాతీ స్కాను, ఆగస్టు 4, సోమవారము." పేరు దాచలేదు, ఒళ్లూ దాచలేదు. సాయంత్రానికి తొంభై మంది ఆమెన్ అని పెట్టారు.

ప్రసన్న మాత్రం ఆమెన్ పెట్టలేదు. "నేనూ వస్తాన డాడీ. నా చెకప్ గూడ అదే రోజుకు రాయించిన," అని పెట్టింది.

మామ,
సుందర్ రావు